వాళ్ళంతా ఒకచోటే ఎందుకు కూర్చుంటారు పిన్నీ?

చెల్లెమ్మలూ, రెండేళ్ళుగా నా మనసులో నానుతున్న సంగతి ఒకటుంది. ఎవరికి చెప్పాలో తెలియక దాచుకున్నాను. మీకు కాక ఇంకెవరికి చెప్పుకుంటాను?

మా అక్క కూతురు కిందటేడు ఆగస్టులో ఎం.ఎస్. చదవడానికి తెనాలి నుంచి ఇండియానా రాష్ట్రంలోని పర్డ్యూ విశ్వవిద్యాలయానికి వచ్చింది. నేనుండే ఊరికి కార్లో రెండు గంటల దారి. అక్టోబరులో రెండు రోజులు సెలవు దొరికితే మా ఇంటికొచ్చింది. చారన్నం కలుపుకుంటూ ఉన్నట్టుండి అడిగింది.

"పిన్నీ, తప్పుగా అనుకోకు. మా క్యాంపస్‌లో నల్లజాతి పిల్లలు ఎప్పుడు చూసినా వాళ్ళలో వాళ్ళే కూర్చుంటారు. వాళ్ళకంటూ వేరే బిల్డింగు కూడా ఉంది. అందరితో కలవకుండా వాళ్ళంతా ఒకచోటే ఎందుకు కూర్చుంటారు?"

నేను జవాబు చెప్పకుండా ఎదురు ప్రశ్న వేశాను. "నీ రూములో ఎవరెవరుంటారే?"

"నలుగురం. ఇద్దరిది గుంటూరు, ఒకమ్మాయిది వరంగల్, నేను."

"శనివారాలు ఎక్కడుంటావు?"

"మన తెలుగువాళ్ళ అపార్ట్‌మెంట్‌లోనే. అందరం కలిసి వండుకుంటాం. వారమంతా ఇంగ్లీషులో మాట్లాడీ మాట్లాడీ ప్రాణం విసిగిపోతుంది పిన్నీ, ఆ ఒక్క పూటా..." అని ఆగిపోయింది. చెయ్యి కంచంలోనే ఉండిపోయింది.

తెలివిగల పిల్ల. సగం జవాబు తనకే దొరికింది. మిగతా సగం నేను చెప్పాలి. ఎందుకంటే మన శనివారం వంటా, ఆ పిల్లల ఇల్లూ పైకి ఒకలాగే కనిపించినా ఒకటి కాదు. మనం వదిలి వచ్చిన ఇంటి మీద బెంగతో కలుసుకుంటాం. వాళ్ళు ఎక్కడినుంచీ వచ్చినవాళ్ళు కాదు, వాళ్ళ సొంత దేశంలోనే ఉన్నారు. అయినా వాళ్ళకి అలాంటి చోటు కావాల్సి వస్తోంది. ఎందుకు కావాల్సి వస్తోందో నా కళ్ళతో చూశాను కాబట్టి చెప్తున్నాను.

నేనొక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేస్తాను. దాని పేరు చెప్పను, పిల్లల పేర్లూ చెప్పను. నన్ను నమ్మి తమ మధ్య కూర్చోనిచ్చారు, వాళ్ళ గుట్టు వాళ్ళది. మా క్యాంపస్‌లో నల్లజాతి విద్యార్థుల కోసం ఒక పాత రెండంతస్తుల ఇల్లుంది. కాగితాల మీద అది సాంస్కృతిక కేంద్రం. పిల్లల నోట మాత్రం "హౌస్". ఎక్కడున్నావంటే హౌస్‌లో ఉన్నానంటారు, అంతే. మేడ మీద చిన్న పుస్తకాల గది ఉంది. ఆ పుస్తకాల జాబితా రాసి, సర్దిపెట్టే పని నాకప్పగించారు. మంగళవారం, గురువారం, మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా. మొదటి చలికాలంలో ఆ గదిలో నేను శాలువా కప్పుకుని రాసుకోవడం చూసి పిల్లలే నా బల్ల కిందికి మోసుకొచ్చి, హాల్లో కిటికీ పక్కన వేశారు. అలా వాళ్ళ మధ్యకి చేరాను.

నిజం చెప్పొద్దూ, అక్కడ సభలు, నినాదాలు, ఆవేశంగా మాట్లాడుకునే కుర్రాళ్ళు ఉంటారనుకున్నాను. నేను చూసింది వేరు. ఒకే ప్లగ్గు కోసం కొట్టుకునే ముగ్గురు, మైక్రోవేవ్ ముందు నూడుల్స్ గిన్నె పట్టుకుని నిలబడ్డ పిల్ల, ఆర్గానిక్ కెమిస్ట్రీ అర్థం కాక కళ్ళు తుడుచుకుంటున్న ఇంకో పిల్ల, ఆమె పక్కన నోటుబుక్కులో షట్కోణాలు గీసి చూపిస్తున్న సీనియర్.

ఆ ఇంటిని నడిపే ఆవిడకి అరవై దగ్గర పడి ఉంటాయి. పిల్లలు ఆవిణ్ణి పేరు ముందు "మిస్" చేర్చి పిలుస్తారు. పెద్దవాళ్ళని ఉత్త పేరు పెట్టి పిలవడం ఆ ఇళ్ళలో చాలామందికి తప్పు. అమెరికాలో ప్రొఫెసర్లని కూడా పేరు పెట్టి పిలుస్తారని మనం ముక్కున వేలేసుకుంటామే, ఈ పిల్లలు అలా పిలవలేరు. నన్నూ అలాగే పిలిచారు, నా పేరు ముందు "మిస్" పెట్టి. ఇరవై ఏళ్ళ తర్వాత ఎవరో నన్ను "గారూ" అన్నట్టనిపించింది. గుమ్మంలో అడుగుపెట్టిన ప్రతి బిడ్డనీ ఆవిడ మొదట అడిగే మాట ఏమిటో తెలుసా? "ఏమైనా తిన్నావా?"

ఇంకొకటి గమనించాను. గుమ్మం దాటగానే పిల్లల భుజాలు కిందికి దిగుతాయి. గొంతు మారుతుంది. తరగతిలో ఒత్తి ఒత్తి పలికే ఇంగ్లీషు పక్కన పెట్టేసి ఇంటి ఇంగ్లీషులోకి వస్తారు. మనం ఆఫీసులో మీటింగు ముగించి, ఫోన్లో అమ్మతో "ఆ, చెప్పవే" అంటామే, అలా.

నేనున్న రోజుల్లో మూడింటికి ఒక అబ్బాయి వచ్చేవాడు. మెకానికల్ ఇంజనీరింగ్ రెండో ఏడు. రాత్రిళ్ళు ఒక గిడ్డంగిలో పెట్టెలు మోసే పని. రాగానే బూట్లు విప్పి సోఫాలో పడుకుని, పాఠ్యపుస్తకం గుండెల మీద పెట్టుకుని గంటసేపు నిద్రపోయేవాడు. వాడు పడుకోగానే ఎవరో ఒకరు పాట తగ్గించేవారు. ఒకరోజు నేనే అన్నాను, "మా గ్రంథాలయంలో ఇంతకంటే మెత్తటి సోఫాలున్నాయి కదా బాబూ, పైగా నిశ్శబ్దం" అని. మర్యాదగా నవ్వి, "అక్కడ నేను నిద్రపోను మేడమ్" అన్నాడు. ఎందుకో చెప్పలేదు.

వాడు వెళ్ళాక హౌస్ నడిపే ఆవిడ చెప్పింది. 2018 మే నెలలో యేల్ విశ్వవిద్యాలయంలో ఒక నల్లజాతి పరిశోధక విద్యార్థిని తన హాస్టల్ భవనంలోనే, అందరూ వాడుకునే గదిలో వ్యాసం రాసుకుంటూ నిద్రపోయింది. అదే భవనంలో ఉండే తెల్లజాతి విద్యార్థిని ఒకామె పోలీసులకి ఫోన్ చేసింది. పోలీసులొచ్చారు. ఆ అమ్మాయి తన తాళంతో తన గది తెరిచి చూపించినా వదలకుండా గుర్తింపు కార్డు అడిగి ఆరా తీశారు. ఆ అమ్మాయి వీడియో తీసి పెట్టడం వల్ల దేశమంతా తెలిసింది.

ఆ మాట విన్నాక మా గ్రంథాలయాన్ని కొత్త కళ్ళతో చూశాను. మన తెలుగు పిల్లలు బల్ల మీద తల వాల్చి, నోరు తెరుచుకుని నిద్రపోతుంటారు. పరీక్షల వారంలో తెల్ల పిల్లలు దిండ్లు కూడా తెచ్చుకుంటారు. ఎవరూ ఎవరినీ లేపరు. ఆ మెకానికల్ అబ్బాయిని మాత్రం రెండేళ్ళలో ఒక్కసారి కూడా అక్కడ కన్ను మూసి చూడలేదు.

ఇక జుట్టు సంగతి. ఇది ఆడవాళ్ళ ముచ్చట, తీరిగ్గా చెప్తాను.

ఫిబ్రవరిలో ఉద్యోగాల మేళా. గ్యారీ అనే ఉక్కు కర్మాగారాల ఊరి నుంచి వచ్చిన ఒకమ్మాయి, కెమికల్ ఇంజనీరింగ్ మూడో ఏడు. రెండు రోజుల్లో ఇంటర్వ్యూ ఉంది. గురువారం మధ్యాహ్నం సోఫా అంచున ఒకమ్మాయి కూర్చుంటే, ఈ పిల్ల ఆమె మోకాళ్ళ మధ్య నేల మీద దిండు వేసుకుని కూర్చుంది. చూడగానే నా కళ్ళు చెమర్చాయి. మా అమ్మ అరుగు మీద కూర్చుని, నన్ను కింది మెట్టు మీద కూర్చోబెట్టుకుని చిక్కు తీసినట్టే ఉంది. దువ్వెన తోకతో పాయలు తీసి, ఒక్కో పాయా సన్నటి జడగా అల్లుతున్నారు. నేనొచ్చేసరికే మొదలైంది, ఆరింటికి నేను లేచేసరికి ఇంకా సగమే అయింది. మా ఊళ్ళో ఆ జుట్టు తెలిసిన పార్లర్లు లేవు. పెద్ద ఊరు వెళ్ళి అల్లించుకుంటే రెండొందల డాలర్ల పైమాటే. అందుకే ఒకరికొకరు అల్లుకుంటారు. బదులుగా లెక్కలు చెప్పడమో, బట్టలుతికి పెట్టడమో.

నాలుగు జడలు పడ్డాక ఆ పిల్ల ఉన్నట్టుండి, "ఇంటర్వ్యూకి ఇలాగే వెళ్ళనా? లేక విప్పేసి సాపు చేయించుకోనా?" అంది.

గదిలో పాట ఆగిపోయింది. అందరూ ఒకేసారి మాట్లాడారు. ఒకరు వెళ్ళమంటారు, ఒకరు వద్దంటారు. మూలనున్న పిహెచ్.డి. అమ్మాయి నోరు విప్పింది. తన మొదటి ఇంటర్వ్యూకి జుట్టు సాపు చేసే మందు రాయించుకుంటే మాడు కాలి బొబ్బలెక్కిందట. ఆ మంటతోనే కూర్చుని జవాబులు చెప్పిందట. "ఉద్యోగం వచ్చింది. కానీ రోజూ ఉదయం లేచి ఆ మనిషిలా తయారవ్వాల్సి వచ్చింది" అంది.

మీకు వింతగా ఉండొచ్చు, జుట్టు మీద చట్టాలేమిటని. ఇక్కడ ఉన్నాయి. సహజమైన జుట్టు వల్లా, జడల వల్లా బడిలో గానీ పనిలో గానీ వివక్ష చూపకూడదని 2019లో కాలిఫోర్నియా మొదటిసారి చట్టం చేసింది. దాన్ని క్రౌన్ యాక్ట్ అంటారు. తర్వాత ఒక్కొక్క రాష్ట్రమే చేస్తూ వస్తోంది. చట్టం చేయాల్సి వచ్చిందంటే ఎంతమందిని జుట్టు చూసి వెనక్కి పంపి ఉంటారో ఆలోచించండి.

అప్పుడు నేను నా కథ చెప్పాను. హైదరాబాదులో నా మొదటి ఇంటర్వ్యూకి నూనె రాసి బిగించి జడ వేసుకుని, మల్లెపూలు పెట్టుకుని వెళ్ళాను. లోపల కూర్చున్న పెద్దమనిషి నా సర్టిఫికెట్లు చూడకముందే, "రిసెప్షన్ ఉద్యోగానికి ఇలా వస్తే ఎలా అమ్మా" అన్నాడు. ఆ పూలు మెట్ల దగ్గర తీసి చెత్తబుట్టలో పడేసి ఇంటికొచ్చాను. ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది. నేను చెప్తుంటే ఆ పిల్లలెవరూ కదల్లేదు. అల్లుతున్న అమ్మాయి చేతులు కూడా ఆగాయి. తర్వాతి వారం ఒక సీసా కొబ్బరినూనె పట్టుకెళ్ళాను. గ్యారీ పిల్ల వాసన చూసి, మా అమ్మమ్మ కూడా ఆదివారం రాత్రి ఇలాగే మాడుకి నూనె పెట్టేది అంది.

ఆ అమ్మాయి జడలతోనే ఇంటర్వ్యూకి వెళ్ళింది. మొదటి కంపెనీ నుంచి పిలుపు రాలేదు. జడల వల్ల రాలేదా, మార్కుల వల్లా, మాట తీరు వల్లా? ఎవరికీ తెలియదు. నాకు బాధ అక్కడే కలిగింది. మనకి ఉద్యోగం రాకపోతే ఫలానా ప్రశ్నకి జవాబు సరిగ్గా చెప్పలేదని ఏడుస్తాం, మళ్ళీ చదువుతాం. ఆ పిల్లకి ఆ పాటి నిశ్చయం కూడా లేదు. ప్రతి ఓటమి వెనకా ఇంకో కారణం ఉందేమోనని తడుముకోవాలి, జీవితాంతం. హౌస్‌లో మాత్రం ఆ అనుమానం అక్కర్లేదు. అక్కడ ఎవరైనా తిడితే అది నిజంగా తప్పు చేసినందుకే.

శుక్రవారం సాయంత్రాలు పేకాట. మన ఇళ్ళలో మామయ్యలు ఆడినట్టే. ఆటని "స్పేడ్స్" అంటారు. నలుగురు, ఎదురెదురుగా ఇద్దరేసి జట్టు, తలా పదమూడు ముక్కలు, ఇస్పేటు ఎప్పుడూ తురుపే. ఎన్ని పట్లు వస్తాయో ముందే చెప్పుకోవాలి. చెప్పినన్ని రాకపోతే జట్టు కొంప మునిగినట్టే. ఆ ఆట తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుకుకి వస్తుంది. ఆడటం రాదంటే, "నిన్ను పెంచిందెవరు?" అని అడుగుతారు. నాకూ నేర్పారు. ముక్కని బల్ల మీద ఎలా కొట్టాలో కూడా నేర్పారు, అందులో సగం అందం చప్పుడుదే.

ఆ గదిలో అందరూ ఒకటే అనుకునేరు. షికాగో దక్షిణ భాగం పిల్లలున్నారు, తల్లిదండ్రులు నైజీరియా నుంచి వచ్చినవాళ్ళున్నారు, హైతీ, జమైకా, ఘనా ఉన్నాయి. జొలోఫ్ అన్నం నైజీరియావాళ్ళు బాగా వండుతారా, ఘనావాళ్ళు బాగా వండుతారా అని మొదలైతే మన బిర్యానీ గొడవలు దానిముందు ఎందుకూ పనికిరావు. ఆఫ్రికా నుంచి వచ్చిన కుటుంబం పిల్లకీ, నాలుగు వందల ఏళ్ళుగా ఇక్కడే ఉన్న కుటుంబం పిల్లకీ మధ్య నొచ్చుకోవడాలు కూడా చూశాను. ఇంట్లో గొడవల్లాగే ఆ గొడవలూ ఆ గుమ్మం లోపలే ఉంటాయి.

ఒక శుక్రవారం నైజీరియా అమ్మాయి "అకారా" చేసి తెచ్చింది. కొరికి చూద్దును కదా, అలసంద వడ! నానబెట్టిన అలసందలు పొట్టు తీసి, రుబ్బి, ఉల్లిపాయ, మిరపకాయ వేసి నూనెలో వేయించినదే. అచ్చం మా అమ్మ చేసిన బొబ్బర్ల గారె. మీకో సంగతి చెప్పనా, అలసంద పుట్టిల్లు ఆఫ్రికాయే. మన మెట్ట చేలల్లోకి అక్కడినుంచే వచ్చింది. బానిసలుగా తెచ్చిన మనుషులతో పాటు అమెరికాకీ వచ్చింది. దక్షిణ రాష్ట్రాలవాళ్ళు జనవరి ఒకటిన అలసందలు తింటే ఏడాదంతా కలిసొస్తుందంటారు. నేను వంటింట్లో ఆ మాట చెప్తుంటే నైజీరియా పిల్ల, జార్జియా రాష్ట్రపు పిల్ల, నేను ముగ్గురం ఒకే పళ్ళెంలోంచి తింటున్నాం.

వసంతంలో మా అక్క కూతురు మళ్ళీ వచ్చినప్పుడు ఇవన్నీ చెప్పాను. "బాగుంది పిన్నీ. కానీ యూనివర్సిటీ వాళ్ళకి ప్రత్యేకంగా బిల్డింగు ఇవ్వడం..." అని నసిగింది. ఇచ్చారనుకుంటోంది పిల్ల.

"ఇవ్వలేదే, అడిగి తీసుకున్నారు. మీ ఊరి కథే చెప్తా, విను" అన్నాను.

1946లో ఇండియానాపొలిస్ నుంచి ఇద్దరు అక్కచెల్లెళ్ళు పర్డ్యూలో చేరారు. ఫ్రీడా పార్కర్, వినిఫ్రెడ్ పార్కర్. చదువుకోవడానికి సీటిచ్చారు గానీ, హాస్టల్లో గది ఇవ్వలేదు, నల్లపిల్లలని. క్యాంపస్‌లో కాకుండా నది అవతల లఫాయెట్ ఊళ్ళో తలదాచుకుని, బస్సెక్కి క్లాసులకి వచ్చేవారు. వాళ్ళ నాన్న ఊరుకోలేదు. కూతుళ్ళ కోసం విశ్వవిద్యాలయం పెద్దలకి రాశాడు, రాష్ట్ర గవర్నర్ దాకా వెళ్ళాడు. 1947 జనవరిలో ఆ అక్కచెల్లెళ్ళు హాస్టల్లో అడుగుపెట్టారు. ఆ తండ్రి చేసిన పని చూస్తే నాకు మన ఊళ్ళలో ఆడపిల్ల సీటు కోసం, హాస్టల్ గది కోసం గుమ్మం గుమ్మం తిరిగిన నాన్నలు గుర్తొస్తారు. 2021లో రెండు హాస్టళ్ళకి ఆ ఇద్దరి పేర్లు పెట్టారు.

"పార్కర్ హాల్! రోజూ ఆ పక్కనుంచే నడుస్తున్నా పిన్నీ" అంది మా పిల్ల. ముఖం చిన్నబోయింది.

ఆ పైన ఇరవై ఏళ్ళకి, 1968 మే 15న, నూరుమందికి పైగా నల్లజాతి విద్యార్థులు అదే క్యాంపస్‌లో పాలన భవనం దాకా నడిచారు. ప్రతి ఒక్కరి చేతిలో గోధుమరంగు కాగితం సంచి. ప్రతి సంచిలో ఒక ఎర్ర ఇటుక. ఒక్కొక్కరూ వంగి ఆ ఇటుకని మెట్ల మీద పెట్టారు. మా చరిత్ర చెప్పే పాఠాలేవీ, మాలాంటి అధ్యాపకులేరీ అని అడిగారు. మరుసటి ఏడు, 1969లో, అక్కడ బ్లాక్ కల్చరల్ సెంటర్ ఏర్పడింది. ఇప్పుడున్న కొత్త భవనం 1999లో వచ్చింది. షికాగో పక్కన నార్త్‌వెస్టర్న్‌లో కూడా అదే నెల మొదట్లో నూరుమందికి పైగా పిల్లలు ఫీజులు కట్టే కార్యాలయంలో ముప్ఫై ఎనిమిది గంటలు బైఠాయిస్తేనే అక్కడి బ్లాక్ హౌస్ వచ్చింది. ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపి అప్పటికి నెల అయిందంతే. ఆ దుఃఖంలో ఉన్న పిల్లలు వీళ్ళంతా.

మా పిల్లదీ ఇంజనీరింగే కాబట్టి దానికి ఇంకొకటి కూడా చెప్పాను. 1960ల చివర్లో పర్డ్యూలో ఇంజనీరింగ్‌లో చేరిన నల్లజాతి పిల్లల్లో నూటికి ఎనభై మంది మొదటి ఏడాదిలోనే మానేసేవారు. తెలివి లేక కాదు. కలిసి చదువుకునేవాళ్ళు లేరు, సందేహం అడగడానికి మనిషి లేడు. 1971లో ఎడ్వర్డ్ బార్నెట్, ఫ్రెడ్ కూపర్ అనే ఇద్దరు విద్యార్థులు డీన్ దగ్గరికి వెళ్ళి, మేము ఒక సంఘం పెట్టుకుంటాం, ఒకరికొకరం చదువు చెప్పుకుంటాం అన్నారు. అక్కడున్న నల్లజాతి అధ్యాపకుడు ఆర్థర్ బాండ్ సలహాదారుగా నిలబడ్డారు. తర్వాత వాళ్ళ దారిలో వచ్చిన పిల్లలు దేశంలోని ఇంజనీరింగ్ కాలేజీలన్నిటికీ ఉత్తరాలు రాశారు. 1975 ఏప్రిల్‌లో ముప్ఫై రెండు కాలేజీల నుంచి నలభై ఎనిమిది మంది పర్డ్యూకి వచ్చి కూర్చున్నారు. అలా పుట్టిందే ఇప్పటి నేషనల్ సొసైటీ ఆఫ్ బ్లాక్ ఇంజనీర్స్. వాళ్ళలో వాళ్ళే కూర్చుని చేసిన పని అది.

వాళ్ళంతా ఒకచోటే ఎందుకు కూర్చుంటారని అడిగింది మా పిల్ల ఒక్కతే కాదులెండి. దాదాపు ఇదే ప్రశ్నని పేరుగా పెట్టి బెవర్లీ డానియల్ టేటమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1997లో పెద్ద పుస్తకమే రాశారు. ఆవిడ తర్వాత అట్లాంటాలో నల్లజాతి మహిళల కోసం నెలకొల్పిన స్పెల్మన్ కాలేజీకి అధ్యక్షురాలయ్యారు. భోజనశాలలో తెల్లపిల్లలు పది బల్లల దగ్గర వాళ్ళలో వాళ్ళే కూర్చుంటే ఎవరి కంటికీ ఆనదు. నల్లపిల్లలు కూర్చున్న ఒక్క బల్లే ఎందుకు ఆనుతుంది?

చెల్లెమ్మలూ, ఇప్పుడు మనలో మాట. పిల్లలు విమానం ఎక్కేటప్పుడు మనం చెప్పే జాగ్రత్తలు మీకూ తెలుసు, నాకూ తెలుసు. "రాత్రిళ్ళు బయట తిరక్కు, నల్లోళ్ళతో జాగ్రత్త." మా అక్క కూడా చెప్పింది. నేను ఈ దేశం వచ్చేటప్పుడు నాకూ చెప్పారు, నేనూ తలూపాను. ఒక్క నల్లజాతి మనిషితో పలకరింపు కూడా లేకముందే ఆ భయం మనకెక్కడిది? తెల్లగా ఉన్న కోడలు కావాలని వెతికే ఇళ్ళలోంచే వచ్చింది.

ఇంకా లోపలికి వెళ్తే నాకు మా కాలేజీ హాస్టల్ గుర్తొస్తుంది. మా భోజనాల హాల్లో చివరి బల్ల దగ్గర నలుగురమ్మాయిలు ఎప్పుడూ కలిసి కూర్చునేవారు. దళిత వాడల నుంచి వచ్చినవాళ్ళు. "వాళ్ళు ఎవరితోనూ కలవరు" అని మేం అనుకునేవాళ్ళం. మూడేళ్ళలో నేను ఒక్కసారి కూడా కంచం పట్టుకుని ఆ బల్ల దగ్గరికి వెళ్ళలేదు. నా పక్కన చోటుందని వాళ్ళలో ఎవరినీ పిలవలేదు. తప్పు నాది. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టల్ నుంచి వెలివేసిన దళిత విద్యార్థులు ఆరుబయట గుడారం వేసుకుని దానికి "వెలివాడ" అని పేరు పెట్టారు. వాళ్ళలో రోహిత్ వేముల అదే నెల 17న చనిపోయాడు. ఆ వార్త చదివిన రోజు ఆ చివరి బల్ల నా కళ్ళ ముందుకొచ్చింది. హౌస్‌లో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు ఇప్పటికీ వస్తుంటుంది.

మనం ఈ దేశానికి ఎలా రాగలిగామో కూడా ఒకసారి గుర్తు చేసుకోవాలి. 1946 చట్టం ప్రకారం భారతదేశానికి ఏడాదికి నూరుమంది కోటా. అంతే, నూరుమంది. నల్లజాతివాళ్ళు వీధుల్లో దెబ్బలు తిని, జైళ్ళకెళ్ళి సాధించిన 1964 పౌరహక్కుల చట్టం, 1965 ఓటు హక్కు చట్టం వచ్చాక, అదే వేడిలో జాతిని బట్టి మనుషులని లెక్కించే ఆ వలస కోటా తప్పనిపించింది. 1965 అక్టోబరు 3న అధ్యక్షుడు జాన్సన్ కొత్త వలస చట్టం మీద సంతకం పెట్టాడు. మన తెలుగు డాక్టర్లూ ఇంజనీర్లూ ఆ తలుపులోంచే వచ్చారు. ఆ తర్వాతే మన సంఘాలు, మన గుళ్ళు, మన శనివారం వంటలు.

ఇప్పుడు ఆ పిల్లల తలుపులు మూతపడుతున్నాయి. టెక్సస్‌లో విశ్వవిద్యాలయాలు ఇలాంటి కేంద్రాలు నడపకుండా కట్టడి చేసే చట్టం 2024 జనవరి 1 నుంచి అమలైంది, ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో నల్లజాతి పిల్లలూ, మిగతా అల్పసంఖ్యాక పిల్లలూ కలుసుకునే మల్టీకల్చరల్ ఎంగేజ్‌మెంట్ సెంటర్ మూసేశారు. యూటాలో అదే ఏడు జులై 1 నుంచి అలాంటిదే ఇంకో చట్టం వచ్చింది, యూటా విశ్వవిద్యాలయంలో బ్లాక్ కల్చరల్ సెంటర్ మూసేశారు. అందరికీ సమానంగా ఉండాలని మూశామంటారు. ఆ మాట నాకు సమ్మతం కాదు. మూసేవాళ్ళు ఒక్క మధ్యాహ్నం వచ్చి ఆ సోఫా దగ్గర కూర్చుని ఉంటే మూసి ఉండేవాళ్ళు కాదని నా నమ్మకం. ఎందుకంటే ఆ గుమ్మానికి కాపలా లేదు. తెల్లపిల్లలు వస్తారు, చైనా పిల్లలు వస్తారు, తెనాలి దగ్గరి పల్లెలో పుట్టిన నాకు అక్కడ ఒక బల్ల ఉంది. మా క్యాంపస్‌లో వచ్చే ఏడాది సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు. హౌస్ నడిపే ఆవిడ మాత్రం గోడల మీది ఫోటోలన్నీ ఒక్కొక్కటే తీసి, వెనక పేర్లూ సంవత్సరాలూ రాయిస్తోంది. ఆ రాసే పని నేనే చేస్తున్నాను.

ఇవన్నీ ఫోన్లో మా అక్కకి చెప్పాను. "ఆడపిల్ల తల్లిని, నా భయం నాది" అని పెట్టేసింది. నాలుగు రోజులు మాట్లాడలేదు. అయిదో రోజు తనే చేసి, అవీ ఇవీ మాట్లాడి చివర్లో, "ఇంతకీ ఆ జడలల్లించుకున్న పిల్లకి ఉద్యోగం దొరికిందా?" అంది. దొరికిందక్కా, రెండో కంపెనీలో, వేసవికి హ్యూస్టన్ వెళ్తోంది అని చెప్పాను. "జడలతోనేనా?" అంది. జడలతోనే అన్నాను.

మళ్ళీ ఆగస్టు వస్తోంది. మీలో చాలామంది పిల్లలకి పెట్టెలు సర్దుతుంటారు. ఆవకాయ, కారప్పొడి, చిన్న కుక్కరు, అమ్మ ఇచ్చిన దుప్పటి అన్నీ పెట్టండి. ఆ ఒక్క జాగ్రత్త మాత్రం పెట్టకండి. మీ పిల్ల చదివే చోట ఇలాంటి ఇల్లు ఇంకా తెరిచే ఉంటే, ఒక్కసారి లోపలికి వెళ్ళి పలకరించి రమ్మని చెప్పండి. వెళ్ళేటప్పుడు అలసంద వడలు చేసి పట్టుకెళ్ళమనండి.